పామాయిల్ డీజిల్ పచ్చ ఇంధనమేనా? అడవులు పోతున్నది దీనివల్లేనా?

వెంకీ_స్టుట్‌గార్ట్
అందరికీ నమస్కారం. చాలా రోజుల నుంచి తేల్చుకోలేక అడుగుతున్నాను. జర్మనీలో 2023 నుంచి పామాయిల్‌తో చేసిన డీజిల్‌ని ఇంధన కంపెనీలు నింపాల్సిన పర్యావరణ కోటా లెక్కలోంచి తీసేశారు, ఫ్రాన్స్ అయితే 2020లోనే పన్ను రాయితీ ఆపేసింది. అటు ఇండోనేషియా చూస్తే 2025 జనవరి నుంచి డీజిల్‌లో 40 శాతం పామాయిల్ బయోడీజిల్ కలిపి తీరాలని రూలు పెట్టింది, బీ40 అంటున్నారు. ఒకరు అడవికి చేటని పక్కన పెట్టిన సరుకునే ఇంకొకరు వాతావరణాన్ని కాపాడే ఇంధనం అంటుంటే ఎవరి లెక్క నమ్మాలి? చెట్టు పెరిగేటప్పుడు గాల్లోంచి పీల్చుకున్న కార్బనే ఇంజన్లో కాలినప్పుడు బయటికొస్తుంది కాబట్టి చెల్లుకు చెల్లు అని మా ఆఫీసులో ఒకాయన వాదిస్తాడు. వినడానికి సబబుగానే ఉంది కానీ ఎక్కడో తేడా కొడుతోంది. మన గోదావరి జిల్లాల్లోనూ ఖమ్మం వైపూ ఇవే తోటలు కదా, అక్కడి వాళ్లు కూడా ఉంటే చెప్పండి.

లారీ_శీను
నాది ఒక్కటే ప్రశ్న. నలభై శాతం కలిపితే బండి నడుస్తుందా? మైలేజీ ఎంత పడిపోతుంది?

కాకినాడ_కెమ్
శీను అన్నా, నడుస్తుంది. బయోడీజిల్‌లో కిలోకి వచ్చే శక్తి మామూలు డీజిల్ కంటే పదీ పదమూడు శాతం తక్కువ, కాబట్టి 40 శాతం కలిపితే మైలేజీ ఒక నాలుగైదు శాతం తగ్గుతుంది. అసలు ఇబ్బంది నీళ్లతో, చలితో. బయోడీజిల్ తేమని లాగేసుకుంటుంది, ట్యాంకు అడుగున ఎన్నాళ్ల నుంచో పేరుకున్న మడ్డిని కదిలించి తెచ్చి ఫిల్టర్లో వేస్తుంది. అందుకే మొదట్లో ఫిల్టర్లు త్వరగా మార్చాల్సి వస్తుంది. పామాయిల్ బయోడీజిల్ అయితే 15 డిగ్రీల దగ్గర్లోనే మబ్బు పట్టినట్టు తెల్లబడటం మొదలవుతుంది, డిసెంబరు తెల్లవారుజామున మన ఇళ్లలో పామోలిన్ గడ్డ కట్టేది చూసే ఉంటారు, అదే సంగతి. జకార్తాలో ఈ గొడవ లేదు. యూరప్ చలికి పనికి రావాలంటే మెథనాల్ పద్ధతి వదిలేసి, హైడ్రోజన్‌తో శుద్ధి చేసే ఇంకో రకం డీజిల్ చెయ్యాలి, దాన్ని హెచ్‌వీఓ అంటారు.

తయారీ పెద్ద బ్రహ్మవిద్య కాదు. వంద కిలోల నూనెకి పది కిలోల మెథనాల్, కొంచెం కాస్టిక్ కలిపి అరవై డిగ్రీల వేడి మీద కలియబెడితే ఇంచుమించు వంద కిలోల బయోడీజిల్ పైకి తేలుతుంది, పది కిలోల గ్లిజరిన్ కిందికి దిగుతుంది. కాకినాడలో పామ్ స్టియరిన్‌తో, అంటే పామోలిన్ తీసేశాక మిగిలే గట్టి కొవ్వుతో, బయోడీజిల్ చేసే పెద్ద ఫ్యాక్టరీ 2008 నుంచి ఉంది. పోర్టులో దిగిన ముడి నూనె పక్కనే రిఫైనరీలకి వెళ్తుంది, అక్కడ మిగిలే స్టియరిన్ దీనికి సరుకు. కాబట్టి ఇది మనకి సంబంధం లేని విషయం అనుకోవద్దు.

లలిత_ఎం
వెంకీ గారూ, మీ ఆఫీసాయన చెప్పిన చెల్లుకు చెల్లు లెక్కలో నేల లేదు. తోట వెయ్యకముందు ఆ నేల మీద ఏముంది, ఆ నేలలో ఏముంది అన్నది అడగకుండా లెక్క వేస్తే ప్రతి పంటా పచ్చగానే కనిపిస్తుంది. నేను భూ వినియోగం మీద పని చేస్తాను, ఉపగ్రహ చిత్రాలు చూడటమే నా రోజువారీ పని, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఇండోనేషియా వైపు సుమత్రా, బోర్నియో దీవుల తీరాల్లో పీట్ నేలలు ఉంటాయి. వేల ఏళ్లుగా రాలిన ఆకులూ దుంగలూ వేర్లూ నీళ్లలో మునిగి ఉండటం వల్ల పూర్తిగా కుళ్లకుండా పొర మీద పొర పేరుకున్న నేల అది. కొన్నిచోట్ల పది మీటర్ల లోతు పైనే ఉంటుంది. చేత్తో పిండితే నల్లటి నీళ్లు కారతాయి, లోపల ఇంకా చెక్క పీచు తగులుతుంది. పామాయిల్ చెట్టు వేరు నీళ్లలో నిలబడి బతకదు కాబట్టి, తోట వెయ్యాలంటే ముందు కాలువలు తవ్వి నీళ్లు తోడేస్తారు. నీళ్లు దిగగానే గాలి తగులుతుంది, అన్ని వేల ఏళ్లు ఆగిన కుళ్లు ఒక్కసారిగా మొదలవుతుంది. నేల ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున కుంగుతూ పోతుంది, ఆ పోయినదంతా కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలుస్తుంది.

ఇప్పుడు ఒక హెక్టారు లెక్క చూద్దాం. మంచి తోటలో ఏడాదికి నాలుగు టన్నుల నూనె అనుకుందాం. దానితో చేసిన బయోడీజిల్ సుమారు మూడున్నర టన్నుల డీజిల్ పని చేస్తుంది, ఆ డీజిల్ కాలిస్తే వచ్చేది 11 టన్నుల కార్బన్ డయాక్సైడ్. అంటే మిగిలిందనుకున్నది అంతే, అదీ ఎరువులూ ఫ్యాక్టరీ ఖర్చూ తీసెయ్యకుండానే. అదే హెక్టారు నీళ్లు తోడిన పీట్ నేల అయితే, నేల కుళ్లడం వల్లనే ఏటా 40 టన్నుల వరకు పోతుందని అంతర్జాతీయ వాతావరణ సంఘం వాడే ప్రామాణిక లెక్క. పదకొండు మిగుల్చుకోడానికి నలభై తగలబెట్టడం. ఇంకా అక్కడ నరికిన అడవి మాట ఎత్తనే లేదు. 2008లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఈ అప్పు తీరడానికి ఎన్నేళ్లు పడుతుందో లెక్కగట్టింది: మామూలు వర్షారణ్యం కొట్టి వేస్తే 86 ఏళ్లు, పీట్ అడవి అయితే 423 ఏళ్లు. తోట ఆయుష్షు పాతిక ముప్పై ఏళ్లు.

వెంకీ_స్టుట్‌గార్ట్
లలిత గారూ, కళ్లకి కట్టినట్టు చెప్పారు, థాంక్స్. కానీ కంపెనీల వాళ్లు మా నూనె 2008కి ముందే ఉన్న పాత తోటలది, కొత్తగా అడవి కొట్టింది కాదు అని సర్టిఫికెట్ చూపిస్తారు కదా. అది అబద్ధమా?

లలిత_ఎం
చాలావరకు నిజమే, అసలు చిక్కంతా అక్కడే ఉంది. పాత తోట నూనె నిన్నటిదాకా ఎవరో వంటకి వాడుకుంటున్నారు. అది యూరప్ బండి ట్యాంకులోకి వెళ్లింది. వంట మానేస్తారా? మానరు. ఆ లోటు తీర్చడానికి ఇంకెక్కడో కొత్త తోట పడుతుంది, దానికి సర్టిఫికెట్ అడిగేవాడు ఉండడు. మన డెల్టాలో ఎగువ రైతు కాలువ నీళ్లు ఎక్కువ మళ్లించుకుంటే శివారు రైతు బోరు వేసుకుంటాడు. భూగర్భ జలం ఎందుకు తగ్గిందని అడిగితే ఎగువ రైతు నేను బోరే వెయ్యలేదండీ అంటాడు, ఆయన చెప్పేదీ నిజమే.

యూరప్ 2009లో రవాణా ఇంధనంలో 10 శాతం పునరుత్పాదకం ఉండాలని చట్టం చేసినప్పుడు ఈ పరోక్ష నష్టాన్ని లెక్కలో పెట్టలేదు. తర్వాత వాళ్ల యూరోపియన్ కమిషనే చేయించిన గ్లోబియోమ్ అధ్యయనంలో పామాయిల్ డీజిల్‌కి భూ మార్పిడి వల్లనే ఒక మెగాజౌల్ శక్తికి 231 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అని తేలింది. మామూలు డీజిల్ మొత్తం కలిపితే 94 గ్రాములు. అప్పటికే కొన్నేళ్లు గడిచిపోయాయి, 2018 నాటికి యూరప్ వాడే పామాయిల్‌లో సగానికి పైగా బండ్లలోనే కాలుతోంది. బిస్కెట్లూ సబ్బులూ అని గోల చేసిన వాళ్లలో చాలామందికి తమ కారులోనే అంత పోతోందని తెలియదు. 2019లో కమిషన్ చూసింది ఇంకోటి ఉంది, 2008 తర్వాత కొత్తగా పడిన పామాయిల్ విస్తీర్ణంలో 45 శాతం అడవుల వంటి కార్బన్ నిండిన నేలల మీదే పడింది. సోయాకి ఆ సంఖ్య 8 శాతం. అందుకే 2030 నాటికి పూర్తిగా ఆపాలని నిర్ణయం.

దమ్మపేట_రైతు
నమస్కారం. ఇందాకటి నుంచి చదువుతున్నాను. పామాయిల్ పేరెత్తగానే అందరూ అడవిని నరికేవాడు అన్నట్టు చూస్తారు, మా ఊళ్లో తోటల కింద ఒక్క అడవి చెట్టు పోలేదు. మాగాణి, పొగాకు, జీడిమామిడి ఉన్న చోట వేసుకున్నాం. ఎకరానికి 57 మొక్కలు, తొమ్మిది మీటర్ల ఎడం, మూడేళ్లు కంటికి రెప్పలా చూసుకుంటే నాలుగో ఏడు గెలలు మొదలు. కోతులు ముట్టవు, గాలివానకి వరిలా పడిపోదు, దళారీతో బేరం లేదు, నెల నెలా చేతికి డబ్బు వస్తుంది. కూలీలు దొరకని ఈ రోజుల్లో ఇంతకంటే ఏ పంట ఉందో చెప్పండి.

ఇంకో మాట. నూనె అయితే జనానికి కావాలి కదా. హెక్టారుకి సోయా అర టన్ను కూడా ఇవ్వదు, పొద్దుతిరుగుడు ముప్పావు టన్ను దాటడం కష్టం, పామాయిల్ మూడున్నర నాలుగు ఇస్తుంది. దీన్ని వద్దని పక్కన పెడితే అదే నూనె కోసం అయిదారింతలు ఎక్కువ భూమి దున్నాలి. అప్పుడు పోయేది ఏ అడవి? బ్రెజిల్‌దా?

లలిత_ఎం
రైతు గారూ, మీరన్న రెండూ ఒప్పుకుంటాను. అశ్వారావుపేట, దమ్మపేట, పెదవేగి, జంగారెడ్డిగూడెం తోటలకీ సుమత్రా తోటలకీ పోలికే లేదు, మనవి చాలావరకు సాగు భూముల్లో వేసినవి. దిగుబడి విషయంలో ఆ చెట్టుకి సాటి లేదన్నదీ నిజం. నా అభ్యంతరం చెట్టు మీద కాదండీ, ఆ నూనెని ఇంజన్లో కాల్చి తీరాలని పెట్టే చట్టం మీద. మనిషి తినే నూనెకి ఒక హద్దు ఉంటుంది, ఏడాదికి తలా పాతిక కిలోలు అనుకోండి. బండి తాగేదానికి హద్దు లేదు. ప్రభుత్వం శాతం పెంచిన కొద్దీ అంత నూనె ఎక్కడో పుట్టుకు రావాల్సిందే, ధర ఎంతైనా సరే.

బీ40 కోసం ఇండోనేషియా 2025కి కేటాయించింది 1 కోటి 56 లక్షల కిలోలీటర్లు. బరువులో కోటీ 35 లక్షల టన్నులు దాటుతుంది. హెక్టారుకి మూడున్నర టన్నుల చొప్పున చూసినా దాదాపు 39 లక్షల హెక్టార్లు, అంటే తెలంగాణ విస్తీర్ణంలో మూడో వంతు నేల ఒక్క దేశపు డీజిల్ ట్యాంకులోకి, అది కూడా 40 శాతానికే. బీ50 కూడా తెస్తామని చెబుతూ వస్తున్నారు.

పేరాక్_తెలుగువాడు
అందరికీ నమస్కారం. నేను మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పేరాక్‌లో ఎస్టేట్ పనికి కుదిరారు. మా బగాన్ దాతో వైపు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మా తాతగారు రబ్బరు గీశారు, మా నాన్నగారు గెలలు కోశారు. రబ్బరు కొట్టేసి పామాయిల్ వేసినది నా చిన్నప్పుడు కళ్లారా చూశాను. కాబట్టి ఇక్కడి తోటలన్నీ నిన్న మొన్న అడవి నరికి వేసినవే అంటే నేను ఒప్పుకోను, చాలా భాగం ముందు రబ్బరు, కొబ్బరి ఉన్న నేలలే. 1956లో మొదలైన ఫెల్డా పథకం కింద భూమి లేని కుటుంబాలకి పది ఎకరాల చొప్పున ఇచ్చి నిలబెట్టిన మాట కూడా నిజం. అయితే ఎస్టేట్ లైన్లలో, అంటే కూలీల వరస ఇళ్లలో, తరాల తరబడి ఉన్న మన వాళ్లకి ఆ భూమిలో సెంటు కూడా రాలేదు, ఎస్టేటు అమ్ముడుపోయిన రోజున ఇల్లు ఖాళీ చేసి టౌనుకి నడవాల్సి వచ్చింది. ఈ బాధ మాత్రం ఏ అధ్యయనంలోనూ నాకు కనపడలేదు.

2015 సంగతి చెప్తాను. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో సుమత్రా, కాలిమంతాన్ (బోర్నియోలో ఇండోనేషియా భాగం) పీట్ నేలలు అంటుకుని పొగంతా మా మీదికి వచ్చింది. మధ్యాహ్నం పన్నెండుకి సూర్యుడు కుంకుమ బొట్టంత ఎర్రగా కనిపించేవాడు, కళ్లు తెరిచి చూడొచ్చు. ఉతికిన బట్టలు లోపలే ఆరేసినా కాలిన వాసన పోయేది కాదు. స్కూళ్లు మూసేశారు. మా ఇంట్లో చిన్నపిల్లకి ఉబ్బసం, తలుపుల కింద తడిగుడ్డలు కుక్కి రాత్రంతా కూర్చునేవాళ్లం. ఆ ఏడాది ఇండోనేషియాలో 26 లక్షల హెక్టార్లు కాలింది, నష్టం 1,600 కోట్ల డాలర్లు అని ప్రపంచ బ్యాంకు లెక్క. పీట్ నేల అంటుకుంటే పైన మంట కనపడదు, లోపల వారాల తరబడి రగులుతుంది, విమానంతో నీళ్లు చల్లినా ఆరదు, వాన పడితేనే.

యూరప్ వాళ్ల నిర్ణయం మీద మాత్రం నాకు అనుమానం ఉంది. వాళ్ల రైతుల ఆవాల నూనెని కాపాడుకోడానికే ఇదంతా అని ఇక్కడ చాలామంది నమ్ముతారు. మలేషియా వేసిన కేసులో ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) ప్యానెల్ 2024 మార్చిలో తీర్పిస్తూ, పర్యావరణం కోసం ఇలాంటి హద్దు పెట్టుకోవచ్చని ఒప్పుకుంటూనే, అమలు చేసిన తీరులో తప్పులున్నాయని యూరప్‌ని కూడా మందలించింది.

వెంకీ_స్టుట్‌గార్ట్
అన్నా, ఆ పొగ సంగతి వార్తల్లో చదివాను కానీ ఇలా తెలియదు. మీ పాప ఇప్పుడు బాగుందా?

పేరాక్_తెలుగువాడు
బాగుంది తమ్ముడూ, యూనివర్సిటీలో చేరింది. అడిగినందుకు సంతోషం.

లారీ_శీను
అయితే మన దగ్గర కూడా డీజిల్‌లో ఇది కలుపుతారా? మళ్లీ ఇంజన్లు పాడైతే ఎవరిని అడగాలి?

కాకినాడ_కెమ్
మన జాతీయ బయోఇంధన విధానం 2018లో వచ్చింది, 2030కల్లా డీజిల్‌లో 5 శాతం అని లక్ష్యం. ఇప్పటికి ఒక శాతం కూడా దాటలేదు. వంట నూనెలో సగానికి పైగా బయట నుంచి కొనుక్కునే దేశం మనది, పామాయిల్ దిగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానం మనదే. తినేదానికే చాలని నూనెని ఇంజన్లో పోసే స్థితి లేదు. అందుకే మన విధానం తినడానికి పనికిరాని నూనెలు, వాడేసిన వంటనూనె వైపు మొగ్గింది.

కానీ శీను అన్నా, బీ40 మన జేబుకి ఇప్పటికే తగిలింది. 2024 చివర్లో ఎప్పుడూ చవగ్గా ఉండే పామాయిల్ సోయా నూనె కంటే ఖరీదైంది. ఇండోనేషియా తన నూనె తనే కాల్చుకుంటానంటే మిగతా దేశాలకి వచ్చేది తగ్గుతుంది కదా. దాని మీద 2024 సెప్టెంబరులో మన ప్రభుత్వం ముడి నూనె సుంకం పెంచి 27.5 శాతం చేసింది, మళ్లీ 2025 మే చివర్లో 16.5కి దింపింది. మిర్చి బజ్జీల బండివాడి నూనె డబ్బా ధర కొంత జకార్తాలో, కొంత ఢిల్లీలో తేలుతోంది.

దమ్మపేట_రైతు
మా గెలల ధర కూడా అంతే. 2022 ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా ఎగుమతులు ఆపేసింది. టన్ను గెలలు ఇరవై వేలు దాటాయి, ఊళ్లో అందరూ మొక్కలకి దరఖాస్తులు పెట్టారు. మే ఇరవై మూడున వాళ్లు తలుపులు తెరిచారు, ఏడాది తిరిగేలోపు ధర సగానికి దగ్గరగా పడిపోయింది. అప్పుడు వేసిన మొక్కలు కాపుకి వచ్చేసరికి ధర ఎంత ఉంటుందో బీ40, బీ50 చేతిలో ఉంది. ఇండోనేషియా బండ్లు తాగితే మాకు లాభం, ఆపితే నష్టం. ఇది నాకు నచ్చిన సంగతి కాదు, ఉన్న సంగతి.

గెల కోసిన తర్వాత 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలి, లేకపోతే పండులో పులుపు పెరిగి నూనె నాణ్యత పడిపోతుంది. ఏ మండలం గెలలు ఏ ఫ్యాక్టరీకి వెయ్యాలో జోన్లు కేటాయించి ఉంటాయి, వేరే చోట ఎక్కువ ఇస్తామన్నా పోయే వీలు లేదు. ఒక వర్షాకాలంలో మా ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేటు బయట రెండు రోజులు నిలబడ్డాయి, రాలిన పండ్లన్నీ ట్రాలీలో మగ్గి బూజు పట్టాయి, ఆ నష్టం మా లెక్కలోనే వేశారు. ధర పైకి పోయినా కిందికి పోయినా రైతు మాట చెల్లే చోటు ఎక్కడా లేదు.

అడవిబాట
నేను ఆసిఫాబాద్ వైపు పని చేస్తాను. బయోడీజిల్ అనగానే మాకు కానుగ గుర్తొస్తుంది. జైనూర్ దగ్గర పవర్‌గూడ అనే గోండు గూడెంలో ఆడవాళ్లు కానుగ గింజలు ఏరి నూనె తీశారు, 2003లో ప్రపంచ బ్యాంకు ఆ ఆడవాళ్ల దగ్గర 147 టన్నుల కార్బన్ తగ్గింపు లెక్కని 645 డాలర్లు ఇచ్చి కొంది. ఉన్న అడవి ఉండగానే, దాని అంచున ఉన్న చెట్ల నుంచి వచ్చిన నూనె అది. చిన్న మొత్తమే, కానీ దాని కోసం ఒక్క చెట్టు కొట్టలేదు. అదే రోజుల్లో అడవి ఆముదం, అదే జట్రోఫా, బంజర్లలో వేస్తే బంగారం అని ఊరూరా మొక్కలు పంచారు. నీళ్లూ ఎరువూ లేకుండా గింజ పట్టలేదు, పీకేశారు. బంజరు అని కాగితం మీద రాసిన నేల చాలాచోట్ల ఎవరిదో మేత బీడు, ఎవరిదో పోడు. ఇండోనేషియాలోనూ పాడుబడిన అడవి అని ముద్ర వేసే తోటలకి ఇస్తున్నారని విన్నప్పుడు నాకు మా ఊళ్ల బంజరు కాగితాలే గుర్తొచ్చాయి.

ఇండోనేషియాలోని పపువాలో అవ్యు తెగ వాళ్లు తమ అడవిని పామాయిల్‌కి ఇవ్వొద్దని జకార్తాదాకా కోర్టుకి వెళ్లారు, 2024లో సుప్రీంకోర్టులో ఓడిపోయారు. అదే ఏడాది చివర్లో అధ్యక్షుడు ప్రబోవో, పామాయిల్ కూడా చెట్టే కదా, దానికీ ఆకులుంటాయి, అడవి పోతుందని భయపడక్కర్లేదు అన్న అర్థంలో మాట్లాడారు. ఆకులుంటే అడవి అయిపోతుందా? అడవిలో మా వాళ్లకి ఇప్పపువ్వు ఉంటుంది, తునికాకు ఉంటుంది, తేనె ఉంటుంది, దేవుడు ఉంటాడు. తోటలో గెల తప్ప ఏదీ ముట్టుకోనివ్వరు.

లలిత_ఎం
మీరు రాసింది చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. పాడుబడిన అడవి అన్న మాట మీద నేనూ చాలా ఉపగ్రహ చిత్రాలు చూశాను. పెద్ద దుంగలు ఒకసారి కొట్టుకెళ్తే చాలు, పత్రాల్లో అది పాడుబడినదే. నేల మీద మాత్రం ఒరాంగుటాన్‌లు గూళ్లు కట్టుకునే చెట్లు ఇంకా ఉంటాయి.

ఒక మంచి మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఇండోనేషియాలో పామాయిల్ కోసం అడవులు కొట్టడం 2012 ప్రాంతంలో ఉన్న స్థాయి నుంచి బాగా తగ్గింది. 2011లో ప్రాథమిక అడవుల్లో, పీట్ నేలల్లో కొత్త అనుమతులు ఆపారు, 2019లో దాన్ని శాశ్వతం చేశారు. పీట్ తోటల్లో నీటి మట్టం 40 సెంటీమీటర్ల కంటే కిందికి దిగకూడదని 2014లో నిబంధన తెచ్చారు, 2015 మంటల తర్వాత దాన్ని ఇంకా గట్టి చేశారు. పెద్ద కంపెనీలు కొన్ని అడవి కొట్టని నూనే కొంటామని మాట ఇచ్చాయి. ఇన్నేళ్ల ఒత్తిడితో సాధించిన ఆ తగ్గుదల మీద బీ40, బీ50 వచ్చి కూర్చుంటే మళ్లీ గేట్లు తెరుచుకుంటాయన్నదే నా భయం. దిగుబడి పెంచి సరిపెడతామంటున్నారు. అక్కడ దాదాపు 40 శాతం తోటలు చిన్న రైతులవి, పాత చెట్లు తీసి కొత్తవి వెయ్యాలంటే వాళ్లకి మూడు నాలుగేళ్లు రాబడి ఉండదు. అందుకే ఆ పని నత్తనడక నడుస్తోంది.

మన దేశంలోనూ జాగ్రత్త పడాల్సిన చోటు ఉంది. 2021లో 11,040 కోట్లతో మొదలైన పామాయిల్ మిషన్‌లో ఈశాన్య రాష్ట్రాల వాటా పెద్దది. ఏలూరు వరి చేలో వెయ్యడం వేరు, మిజోరం, అరుణాచల్ కొండల్లో వెయ్యడం వేరు.

దమ్మపేట_రైతు
అది నేనూ ఒప్పుకుంటాను. అడవి కొట్టి వేసే గెలకి నా గెలకీ ఒకే ధర పలకడం నాకూ అన్యాయమే. వాడికి నేల ఖర్చు లేదు, నాకు బోరు ఖర్చు ఉంది. ఎండాకాలం చెట్టుకి రోజుకి 200 లీటర్ల పైనే పెట్టాలి.

వెంకీ_స్టుట్‌గార్ట్
వాడేసిన వంటనూనె సంగతి ఎవరూ చెప్పలేదు. ఇక్కడ ఇప్పుడు అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు, విమాన ఇంధనానికి కూడా అదేనట. అందులో అయితే అడవి బాధ లేదు కదా?

కాకినాడ_కెమ్
నిజంగా వాడేసిన నూనె అయితే లేదు. మన దగ్గర 2018 నుంచి ఆహార భద్రతా సంస్థ రూకో అని ఒక కార్యక్రమం నడుపుతోంది, నూనెలో పోలార్ పదార్థాలు (మళ్లీ మళ్లీ కాచితే పుట్టేవి) 25 శాతం దాటితే మళ్లీ వంటకి వాడకూడదు, బయోడీజిల్‌కి ఇవ్వాలి. మంచి పనే. పెద్ద హోటలు బాండీలోంచి దిగిన నల్ల నూనె చిన్న బండివాడికి తక్కువ ధరకి పోతుండేది, అది ఆగితే జనం ఆరోగ్యానికీ మంచిది. కాకపోతే ఊరంతా తిరిగి డబ్బాలు పోగు చెయ్యడం ఖర్చుతో కూడిన పని, పోగయ్యేదీ తక్కువ.

తంటా ఎక్కడంటే, యూరప్‌లో వాడేసిన నూనెకి కొత్త పామాయిల్ కంటే ఎక్కువ ధర పలుకుతుంది. చెత్తకి సరుకు కంటే ఎక్కువ ధర వచ్చినప్పుడు సరుకునే చెత్త అని రాసి అమ్మాలన్న ఆశ పుట్టకుండా ఉంటుందా? ల్యాబులో రెండిటినీ విడదీయడం కష్టం, కొత్త నూనెలో కొంచెం పాతది కలిపితే ఇంకా కష్టం. పామాయిల్ మిల్లు మురుగునీటి నుంచి తీసిన నూనె అని యూరప్‌కి వచ్చే సరుకు మీద కూడా ఇదే అనుమానం, ప్రపంచంలో ఉన్న మిల్లులన్నీ కలిసి తీయగలిగే దానికంటే ఎక్కువే అక్కడ కాలుతోందని పర్యావరణ సంఘాలు లెక్క చూపిస్తున్నాయి. కాగితం చూసి నమ్మకూడదు వెంకీ గారూ, మిల్లు దగ్గరికి వెళ్లి ట్యాంకు కొలవాలి.

లారీ_శీను
మరి ఇథనాల్ సంగతేంటి? పెట్రోల్లో ఇరవై శాతం అయిపోయిందిగా. అది కూడా ఇంతేనా?

లలిత_ఎం
పామాయిల్ అంత చేటు కాదు, కానీ వరస అదే శీను గారూ. 20 శాతం అని లక్ష్యం పెట్టాక చెరకు చాలలేదు, మొక్కజొన్న మీద పడ్డారు, ఎన్నాళ్లుగానో మొక్కజొన్న ఎగుమతి చేసిన దేశం 2024లో దిగుమతి చేసుకుంది. కోళ్ల మేత ధర పెరిగిందని మన పౌల్ట్రీ వాళ్లు గగ్గోలు పెట్టారు. ఆహార సంస్థ గోదాముల నుంచి 2024-25కి 52 లక్షల టన్నుల బియ్యం కిలో 22.50 చొప్పున ఇథనాల్‌కి కేటాయించారు. శాతం ముందు రాసి, పంట ఎక్కడి నుంచి వస్తుందో తర్వాత చూసుకుందాం అనే పద్ధతి యూరప్‌లో 2009లో జరిగింది, జకార్తాలో ఇప్పుడు జరుగుతోంది, మన దగ్గరా జరుగుతోంది.

నన్నడిగితే ఆహార పంటతో చేసే ఇంధనానికి ఒక పరిమితి పెట్టి అక్కడితో ఆపెయ్యాలి. బస్సులూ ఆటోలూ కరెంటు మీద నడపొచ్చు, సరుకు రైలెక్కించొచ్చు. ఒక ఎకరం పామాయిల్ ఏడాదికి ఇచ్చే డీజిల్ పనికంటే అదే ఎకరంలో సోలార్ పలకలు పెట్టి కరెంటు బండ్లకి ఎక్కిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ దూరం నడుస్తాయి, అది కూడా రాళ్ల నేలలో.

పేరాక్_తెలుగువాడు
లలిత గారూ, తోడేసిన పీట్ నేల మళ్లీ బాగుపడుతుందా? మీ అభిప్రాయం కావాలి. మా పక్క రాష్ట్రం సెలంగార్‌లో రాజా మూసా అనే పీట్ అడవి ఉంది. అక్రమంగా కాలువలు తవ్వి సాగు చేస్తే మంటలు వచ్చి చాలా భాగం కాలిపోయింది. 2008 నుంచి అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలూ కలిసి ఆ కాలువలకి అడ్డుకట్టలు వేశారు. నేనూ మా తెలుగు సంఘం పిల్లల్ని తీసుకుని మొక్కలు నాటడానికి వెళ్లాను. మోకాలి దాకా దిగబడుతుంది, నీళ్లు టీ డికాషన్ రంగులో ఉంటాయి.

లలిత_ఎం
కార్బన్ తిరిగి పేరుకోవడానికి వేల ఏళ్లు కావాలి, అది మన చేతిలో లేదు. కానీ కాలువ మూసి నీటి మట్టం పైకి తెస్తే కుళ్లడం బాగా తగ్గుతుంది, మంటల భయం చాలావరకు పోతుంది. అంటే మీరు చేసింది అక్కరకొచ్చే పని. పామాయిల్ అక్కడ ఇక బతకదు కాబట్టి ఆ తోటల రైతులకి బదులు భూమో, డబ్బో ఇవ్వాలి. బీ40కి ఇస్తున్న రాయితీ డబ్బు ఎగుమతి సుంకం నుంచే వస్తోంది. అందులో కొంత ఈ కాలువలు మూయడానికీ, చిన్న రైతుల పాత తోటలు తిరిగి నాటడానికీ మళ్లిస్తే కొత్తగా ఒక్క హెక్టారు అడవి అవసరం లేకుండానే నూనె పెరుగుతుంది. ఆ అడ్డుకట్టలు దేనితో కట్టారు, ఇసుక బస్తాలా, దుంగలా? ఫోటోలుంటే పెట్టండి.

పేరాక్_తెలుగువాడు
దుంగలు పాతి మధ్యలో మట్టి బస్తాలు వేశారు. వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం, అప్పుడు దగ్గర్నుంచి తీసి పెడతాను. దమ్మపేట రైతు గారూ, మీ తోట ఫోటోలు కూడా పెట్టండి, మీరు గెల కోసే కత్తి ఎలా ఉంటుందో మా నాన్నగారు చూడాలంటున్నారు.

దమ్మపేట_రైతు
తప్పకుండా అన్నా. చిన్న చెట్లకి ఉలి లాంటిది, పెద్ద చెట్లకి అల్యూమినియం గొట్టం చివర కొడవలి. శుక్రవారం కోత ఉంది, వీడియో తీసి పెడతాను.